మూడు నెలలు రాలని వెంట్రుక

జామూన్‌కు స్నానం చేయించడానికి రామలింగం పాటించిన పద్ధతి, ఆయన నలభై ఏళ్లపాటు బర్రెలకు చేయించిన పద్ధతే. ముందు వెన్ను మీద నీళ్లు, తరువాత మెడ, ఆ తరువాత కాళ్లు, చివరగా తోక. కొబ్బరిపీచుతో రుద్దేటప్పుడు వెంట్రుక వాలిన దిక్కుకు ఎదురుగా ఒకసారి, దాని వెంబడే రెండుసార్లు. ఈ వరుస ఎందుకని నేను అడిగాను.

"మా బాపు గట్లనే రుద్దేటోడు బిడ్డా. ఎందుకని నేనెన్నడు అడగలే."

జామూన్ బర్రె కాదు. గ్రేట్ డేన్ జాతి కుక్క. నాలుగు కాళ్ల మీద నిలబడితే దాని వీపు రామలింగం నడుముకు వస్తుంది. బరువు అరవై ఐదు కిలోలు. ఒంటి మీద వెంట్రుక మాత్రం గోరు పొడవు కూడా ఉండదు.

గౌలిపురలో బర్రెలను వదులుకున్న పాల కుటుంబాలు ఇప్పుడు ఏ పనుల్లో ఉన్నాయో తెలుసుకోవడానికి నేను కలిసిన ముప్పై ఒక్క మందిలో, ఇంకా ఒక జంతువు ఒంటి మీద చెయ్యి వేసి పనిచేస్తున్నవాడు రామలింగం ఒక్కడే. అరవై రెండేళ్లు. తండ్రి కాలంలో పదకొండు బర్రెలుండేవి, ఆయన చేతికి వచ్చేనాటికి నాలుగు మిగిలాయి. సందు ఇరుకైంది, గడ్డి బండి లోపలికి రావడం మానేసింది, కడిగిన నీళ్లు గుమ్మాల ముందు పారుతున్నాయని ఇరుగుపొరుగు వాళ్లు రోజూ తగవుకు వచ్చారు. ఆరేళ్ల క్రితం చివరి రెండింటినీ కీసర దగ్గర బంధువుల ఇంటికి తోలేశాడు. తరువాత ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర కాపలా ఉన్నాడు. అక్కడ కుర్చీ ఇచ్చారు, టోపీ ఇచ్చారు, చేతులకు పని ఇవ్వలేదు. ఏడాదిన్నరకు మానేశాడు.

ఆయనకు పేరు తెచ్చింది పాలు కాదు, సదర్. దీపావళి వెళ్లిన రెండో నాడు పాల కుటుంబాలు తమ దున్నలను అలంకరించి వీధుల్లో ఊరేగించే ఆ పండుగకు ముందు, దున్నను సిద్ధం చేయడానికి వేరే ఇళ్లవాళ్లు కూడా రామలింగాన్ని పిలిచేవాళ్లు. వెంట్రుక గీసి, తోలు రుద్ది, నూనె పట్టించి, వీధి దీపం దాని వీపులో కనిపించేదాకా ఆయన వదిలేవాడు కాదు. జంతువును చూసుకోవడమంటే ఆయనకు తెలిసిన అర్థం అదే: కడగడం, రుద్దడం, నూనె పెట్టడం. ఈ మూడింటిలో ఒకటి తగ్గినా ఆ జంతువు దిక్కులేనిదని ఆయన లెక్క.

హుస్సేనీ ఆలంలో సీతారాం గారి ఇంటికి రామలింగం ఇరవై రెండేళ్లు పాలు పోశాడు. సీతారాం లాడ్ బజార్‌లో గాజుల హోల్‌సేల్ వ్యాపారి, పొద్దంతా దుకాణంలోనే ఉంటాడు. ఇల్లు ఆయన భార్య విమలాదేవి చేతిలో ఉంటుంది. వాళ్ల కూతురు హరిచందన ఎంబీఏ చదువుతోంది. స్నేహితురాలి ఇంట్లో పుట్టిన నల్లటి కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చింది ఆమే. నల్లగా గుండ్రంగా ఉందని జామూన్ అని పేరు పెట్టింది. ఏడాదిన్నర తిరిగేసరికి గుండ్రదనం పోయింది, నలుపు మిగిలింది. వంటింటి గట్టు మీద గిన్నెలో ఏముందో మెడ చాచకుండానే చూడగలిగేంత ఎత్తు పెరిగింది.

విమలాదేవికి కుక్క ఎత్తుతో పేచీ లేదు. పేచీ అంతా వెంట్రుకతో. పొట్టి వెంట్రుకల కుక్క కదా, ఇల్లు శుభ్రంగా ఉంటుందని హరిచందన ముందే మాట ఇచ్చింది. కానీ పొడవు వెంట్రుక ఉండలు కట్టి చీపురుకు వస్తుంది, పొట్టి వెంట్రుక సూదిలా పరుపులో, సోఫా గుడ్డలో, చీర కుచ్చిళ్లలో దిగబడి బయటికి రాదు. శ్రావణమాసం మొదటి శుక్రవారం నాడు పూజగదిలో నైవేద్యం పెట్టిన పులిహోర మీద ఒక నల్ల వెంట్రుక కనిపించింది. విమలాదేవి ఆ గిన్నె తీసి పక్కన పెట్టి, మళ్లీ వండింది. పూజ అయ్యేదాకా ఒక్క మాట అనలేదు. అయ్యాక అన్నది.

"దీపావళి దాకా చూస్త. అప్పటికి ఈ వెంట్రుకల లొల్లి బంద్ కాకపోతే మీ మామ తోటకు పంపిచ్చేస్త."

"మమ్మీ! ఆ మొయినాబాద్ తోటల దాన్ని గొలుసేసి కట్టేస్తరు."

"కట్టేస్తరో, పల్లకీల మోస్తరో, అది వాళ్లిష్టం. నా పూజగదిల వెంట్రుక కనవడొద్దు. అంతే."

హరిచందన రామలింగాన్ని పిలిపించింది ఆ మర్నాడే. ఇంత పెద్ద కుక్కను పట్టుకుని నిలబెట్టగల మనిషి ఆమెకు ఇంకెవరూ తట్టలేదు. ఆయన వచ్చి గడపలోనే ఆగిపోయాడు.

"ఏంది బిడ్డా, కుక్క అన్నవ్? ఇది దూడలెక్కున్నది గదా!"

జామూన్ ఆయన దగ్గరికి వచ్చి, పక్కకు తిరిగి, తన బరువంతా ఆయన తొడ మీద ఆనించి నిలబడింది. ఆ జాతి కుక్కలకు అది అలవాటని హరిచందన చెప్పింది. రామలింగం ఆ మాట వినిపించుకోలేదు. వీపు గోకుతుంటే బర్రె కూడా అలాగే ఒరుగుతుంది. ఆరేళ్ల తరువాత ఒక పెద్ద జంతువు బరువు తన మీద పడింది. పనికి ఒప్పుకున్నట్టు ఆయన నోటితో చెప్పలేదట, చొక్కా చేతులు పైకి మడిచాడట.

కుక్క వెళ్తే ఆ పనీ వెళ్తుంది. తల్లి పెట్టిన గడువు హరిచందన చెప్పింది కాబట్టి ఈ సంగతి ఆయనకు మొదటి రోజే తెలుసు.

కుక్కల డాక్టరు మాన్య అంతకుముందే చెప్పిన జాగ్రత్తలను హరిచందన ఆయనకు వివరించింది. చేతికి తొడుక్కునే, అరచేతివైపు బొడిపెలున్న రబ్బరు తొడుగు ఒకటి ఇచ్చింది. దానితో రోజూ పది నిమిషాలు పొడిగా దువ్వాలి. స్నానం నెలన్నరకు ఒకసారి చాలు. మధ్యలో తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

"నెలన్నరకు ఒక్కపారి తానమా?" రామలింగం ఆమె ముఖంలోకి చూశాడు. "సరిగ్గ విన్నవా బిడ్డా? నెలన్నర అన్నదా, దినమున్నర అన్నదా?"

"నెలన్నరే తాతా. దాని తోలుల నూనె ఉంటదంట. ఎక్కువ కడిగితే పోతదంట."

"తోలుల నూనె ఉంటే మనం నూనె రాసుడెందుకు?"

"రాయొద్దనే చెప్పింది."

రామలింగం తల ఊపాడు. తనకు ఆ మాట అర్థం కాలేదని ఆయన నాతో దాచకుండా చెప్పాడు. కడగవద్దు, నూనె వద్దు అంటే, తనను పిలిచింది దేనికి?

అయినా మొదటి రోజు తొడుగు వేసుకున్నాడు. మెడ నుంచి నడుము దాకా రెండుసార్లు లాగేసరికి తొడుగు నిండా వెంట్రుకలు వచ్చాయి. దులిపి మళ్లీ లాగాడు, మళ్లీ నిండింది. బర్రెకు వెంట్రుక రాలుతున్నదంటే గజ్జో, తిండిలో లోపమో, కడుపులో పురుగో ఉన్నట్టు. నలభై ఏళ్లలో ఆయన చూసింది అదే. ఈ రబ్బరు ముక్క మంచి జంతువు తోలు పీకుతోందని ఆయనకు నమ్మకం కలిగింది. పైగా ఆ వెంట్రుకలు గాలికి లేచి వసారాలోంచి లోపలికి వెళ్తున్నాయి. లోపల విమలాదేవి ఉంది.

తొడుగు తీసి నీళ్ల తొట్టి వెనక పెట్టాడు. ఇంటి నుంచి నువ్వుల నూనె సీసా తెచ్చుకున్నాడు.

రోజూ పొద్దున ఏడింటికి స్నానం, పీచుతో రుద్దడం, గుడ్డతో తడి తుడవడం, ఆ తరువాత రెండు గరిటెల నూనె. ఆ వేళకు హరిచందన కాలేజీకి బయలుదేరేది, విమలాదేవి పూజలో ఉండేది. వారం తిరిగేసరికి ఇంట్లో వెంట్రుక కనిపించలేదు. పదిహేను రోజులకు సోఫా గుడ్డ శుభ్రంగా ఉంది. విమలాదేవి తెల్లటి దుప్పటి పరిచి, మర్నాడు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, వెంట్రుక ఒక్కటీ లేదని తేల్చుకుంది. జామూన్ ఒళ్లు మాత్రం కొత్త బూటులా మెరిసింది. సాయంత్రం దాన్ని తిప్పడానికి తీసుకెళ్తే హుస్సేనీ ఆలం వీధిలో స్కూటర్లు నెమ్మదించేవి.

"చాచా, క్యా చమక్ హై! ఏం పెడ్తున్నవ్ దీనికి?"

"అన్నా, కుక్కనా దున్ననా జర చెప్పి పో!"

"సదర్‌కు తోల్కపోతున్నవా ఏంది రామలింగన్నా, కొమ్ములేవి మరి?"

ఆయన నవ్వుకునేవాడు. "తాతా, రోజు దువ్వుతున్నవు గదా?" అని హరిచందన అడిగినప్పుడల్లా మాత్రం "దువ్వుతున్న బిడ్డా" అనేవాడు. ఈ అబద్ధం మొదటిసారి ఎందుకు ఆడాడో ఆయనకే స్పష్టంగా గుర్తు లేదు. రెండోసారి మాత్రం, మొదటిది ఆడాను కదా అని ఆడాడట.

మూడో నెలలో జామూన్ గడ్డం కింద చిన్న చిన్న పొక్కులు లేచాయి. తరువాత కడుపు మీద, తరువాత వెన్ను వెంట. కుక్క గోడకు ఒళ్లు రాసుకోవడం మొదలుపెట్టింది. నడుము మీద రూపాయి బిళ్లంత మేర వెంట్రుక ఊడి తోలు కనిపించింది. రామలింగం తనకు తెలిసినదాన్ని ఇంకొంచెం ఎక్కువ చేశాడు. ఇంకాసేపు కడిగాడు, ఇంకో గరిటె నూనె పట్టించాడు. పొక్కులు పెరిగాయి. చేసిన సేవకు ఫలితం ఇలా ఎందుకు వస్తోందో ఆయనకు అంతుపట్టలేదు. నీళ్లు మార్చి చూశాడు. పీచు మార్చాడు. నూనె దుకాణం మార్చాడు. తన చెయ్యి మార్చే ఆలోచన రాలేదు.

దీపావళి ఇంకా తొమ్మిది రోజులుందనగా హరిచందన డాక్టరు మాన్యను ఇంటికి పిలిపించింది. విమలాదేవి అప్పుడు దుకాణానికి వెళ్లింది. మాన్య ముప్పై ఏళ్ల లోపు మనిషి. నేల మీద కూర్చుని కుక్క వెన్ను మీద వేళ్లు ఆడించి, వేళ్లు వాసన చూసుకుంది.

"నూనె ఎవరు రాస్తున్నారు?"

రామలింగం నీళ్ల తొట్టి వైపు చూశాడు.

"తాత రోజు దువ్వుతున్నడు డాక్టర్," అంది హరిచందన. "నూనె ఏం లేదు... కదా తాతా?"

మాన్య తొడుగు అడిగింది. రామలింగం వెళ్లి తొట్టి వెనక నుంచి తెచ్చి ఇచ్చాడు. దాని మీద బూజు పట్టి ఉంది. ఆమె బూజు దులిపి, వెన్ను మీద ఒక్కసారి గట్టిగా లాగింది. జిడ్డుతో అట్టకట్టిన నల్ల పొర ఒకటి తొడుగుకు అంటుకుని లేచి వచ్చింది. కింద తోలు ఎర్రగా ఉంది.

"ఇదంతా ఎప్పుడో రాలాల్సిన వెంట్రుక పెద్దాయనా. పాతది రాలుతది, కొత్తది వస్తది, దీని ఒంటికి అది మామూలు. మీరు నూనెతో దాన్ని అతికించి పెట్టారు. కింద తోలుకు గాలి లేదు. రోజూ నీళ్లు, పైన జిడ్డు. ఇగ పొక్కులు రాకపోతే ఏమైతది?"

"బర్రెకు నూనె పెడ్తే మంచిగైతది గదమ్మా?"

"బర్రె తోలు మందం. వెంట్రుక పలచన. ఎండకు పగులుతది, దానికి నూనె కావాలి. ఇది బర్రె కాదు."

"కాదు, గని..." అని రామలింగం ఆగిపోయాడు. ఆ 'గని' తరువాత ఏం చెప్పాలనుకున్నాడో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

మాన్య మందు షాంపూ రాసిచ్చింది. వారానికి రెండుసార్లు చొప్పున మూడు వారాలు, ఆ తరువాత మామూలుగా నెలన్నరకు ఒకసారి. పీచు వద్దు, నూనె వద్దు. బండల మీద పడుకుని మోచేతులు కాయలు కాస్తున్నాయి కాబట్టి మెత్తటి పరుపు వేయాలి. రోజూ దువ్వాలి. "ఒక్క మాట," అంది వెళ్తూ. "అణిగి ఉన్నదంతా ఇప్పుడు బయటికొస్తది. మూడు వారాలు మామూలు కంటే రెండింతలు రాలుతది. భయపడొద్దు."

ఆమె వెళ్లాక హరిచందన కోప్పడలేదు. అది రామలింగాన్ని ఇంకా ఇబ్బంది పెట్టింది.

"తాతా, మమ్మీకి ఇప్పుడే చెప్పకు. దీపావళి పోనీ. మిద్దె మీద తలుపేసుకొని దువ్వు."

"గాలికి కిందికొస్తది బిడ్డా."

"రాకుంట చూడు."

అదే సాయంత్రం విమలాదేవి దుకాణం నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూనే ఆయనను పలకరించింది. "డాక్టరమ్మ వచ్చిందంట? తగ్గుతది లే. నువ్వొచ్చినంక ఇంట్ల వెంట్రుకన్నదే లేదు రామలింగం. దుకాణంల మా సేటుతో గూడ చెప్పిన ఇయ్యాల, మొయినాబాద్ మాట ఇగ తియ్యనని."

రామలింగం "అట్లనే అమ్మా" అన్నాడు. తాను ఏ పనికి మెప్పు పొందాడో, కుక్క ఒళ్లు పాడైంది ఆ పనితోనే. దువ్వితే వెంట్రుక రాలుతుంది, జామూన్ తోటకు పోతుంది. దువ్వకపోతే జామూన్ ఇక్కడే ఉండి గోడకు ఒళ్లు రాసుకుంటూ ఉంటుంది. గౌలిపుర దాకా నడిచే దారిలో ఆయన దీన్ని ఎన్నిసార్లు తిప్పి చూసినా, రెండు వైపులా నష్టమే కనిపించింది.

ఇంట్లో భార్య సుందరమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అంతా విన్నది.

"దున్నను అద్దం జేసినోనికి కుక్కను దువ్వుడు రాకపాయెనా!"

"ఎకసెక్కాలు తర్వాత. చెప్తే అది పోతది. చెప్పకపోతే గోక్కుంటది. ఏం జేద్దునే?"

"నన్నడుగుతవేందయ్యా? ఆ తొడుగు తొట్టెనక పెట్టేటప్పుడు అడిగినవా?" ఆమె నాలుగు కాయలు ఒలిచింది. "దురద నీకు పెడ్తలేదు గదా, ఎన్ని దినాలైనా ఆలోచిస్తవ్ నువ్వు."

మర్నాడు పొద్దున ఆయన విమలాదేవిని మిద్దె మీదికి రమ్మన్నాడు. ఇన్నేళ్ల పరిచయంలో ఆమెను ఒక చోటికి రమ్మని పిలవడం అదే మొదటిసారి. ఆమె చేతిలో గరిటెతోనే వచ్చింది. రామలింగం ఏమీ చెప్పకుండా తొడుగు వేసుకుని, జామూన్ మెడ నుంచి తోక దాకా లాగి, చెయ్యి ఆమె ముందు పట్టుకున్నాడు.

"ఏందిది?" ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. "ఇంత వెంట్రుక ఎక్కడిది? ఆపినవు గదా నువ్వు?"

"ఆపలేదమ్మా. అతికిచ్చిన. నూనె రాసి."

"మూడు నెల్లు?"

"మూడు నెల్లు. డాక్టరమ్మ వద్దన్నది. రాసిన. దువ్వుతున్న అని మీ బిడ్డకు అబద్ధం చెప్పిన. దువ్వలే."

విమలాదేవి ఆయన్ని చూసింది, తొడుగును చూసింది, కుక్కను చూసింది. "అంటే రాలుడు మంచిదా? రాలకపోతే రోగమా? గిదేం లెక్క రామలింగం?"

"నాకు గూడ సమజ్ కాలేదమ్మా. డాక్టరమ్మ గట్లనే చెప్పింది. ఇంకో మూడు వారాలు ఇంతకింత రాలుతదంట. మీరు మాట ఎనక్కి తీసుకుంటరని తెలిసే చెప్తున్న."

ఆమె గరిటెను ఎడమ చేతిలోకి మార్చుకుంది. కుడి చెయ్యి జామూన్ వెన్ను మీద వేసింది. ఏడాదిన్నరలో ఆమె ఆ కుక్కను ముట్టుకోవడం తాను ఎప్పుడూ చూడలేదని హరిచందన అంటుంది. ముట్టుకున్నానని, ఎవరూ లేనప్పుడు ముట్టుకునేదాన్నని విమలాదేవి అంటుంది. ఏది నిజమైనా, ఆనాడు ఆమె వేళ్లకు పొక్కులు తగిలాయి. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, నడుము దాకా. కుక్క పక్కకు తిరిగి ఆమె మీదికి ఒరిగింది. ఆమె పడబోయి పిట్టగోడ పట్టుకుంది.

"నా ఇల్లు శుభ్రంగ ఉండాలని దీనికి ఇన్ని రోజులు దురద పెట్టిచ్చినవా?"

"పంపిచ్చేస్తరని భయపడ్డ."

"నేనెప్పుడన్న?"

"శ్రావణంల అన్నరు."

"అన్న." ఆమె గరిటెను మళ్లీ కుడి చేతిలోకి మార్చుకుంది. "అన్ననే అనుకో. అంటే గిట్ల చేస్తరా ఎవరన్న?"

ఆమె మెట్ల దాకా వెళ్లి తిరిగి చూసింది.

"మూడు వారాలు పూజగది తలుపు మూసి ఉంచుత. నువ్వు ఈన్నే దువ్వు, కింద వద్దు. వెంట్రుకలు సంచిల ఏసి కట్టు. ఆ పీచు, నూనె సీసా రెండూ ఇయ్యాలనే మీ ఇంటికి తీస్కపో. మళ్ల నా ఇంట్ల నూనె వాసన వచ్చిందనుకో, కుక్క ఉంటది, నువ్వుండవ్."

పండుగ ఆ మూడు వారాల మధ్యలోనే వచ్చింది. దీపావళి నాడు లక్ష్మీపూజకు ముందు విమలాదేవి తడిగుడ్డతో గడపలన్నీ తానే తుడిచింది. అయినా హారతి పళ్లెం అంచు మీద ఒక నల్ల వెంట్రుక వచ్చి వాలిందట. హరిచందన చూస్తూ నిలబడింది. విమలాదేవి దాన్ని రెండు వేళ్లతో తీసి, గుమ్మం అవతల వేసి, చెయ్యి కడుక్కుని వచ్చి హారతి ఇచ్చింది. ఆ రోజు పులిహోర మళ్లీ వండలేదు.

నాలుగో వారానికి పొక్కులు అణిగాయి. నడుము మీద ఊడిన చోట సన్నటి కొత్త వెంట్రుక వచ్చింది. మాన్య వచ్చి చూసి, ఇక నెలన్నర దాకా నీళ్లు చూపించవద్దని చెప్పి వెళ్లింది. జామూన్ మునుపటిలా కొత్త బూటు మెరుపు మెరవడం లేదు. నూనె లేని నలుపు నెమ్మదిగా, కొంచెం మసకగా ఉంది. వీధిలో స్కూటర్లు ఇప్పుడు అంతగా నెమ్మదించడం లేదని రామలింగం గమనించాడు. ఆరోగ్యం మెరుపులా కనిపించకపోవడం ఆయనకు ఇంకా మింగుడుపడలేదు.

నేను చివరిసారి వెళ్లిన రోజు పొద్దున ఆయన ఏడింటికే వచ్చాడు. మిద్దె మీద జామూన్‌ను దువ్వాడు. పది నిమిషాలు పట్టింది. సంచి కట్టాడు. తడిగుడ్డతో గడ్డం కింద తుడిచాడు. ఇంకో రెండు నిమిషాలు. ఆ తరువాత చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని పిట్టగోడ పక్కన కూర్చున్నాడు. కుక్క ఆయన కాళ్ల మీద తల వేసి పడుకుంది.

కింది నుంచి విమలాదేవి గొంతు వినిపించింది. "అయిపాయెనా రామలింగం?"

"అయిపోయిందమ్మా!"

"మరింకేం జేస్తున్నవ్ పైన?"

"కూసున్న!"

కింద గిన్నెల చప్పుడైంది.

"అయితే కూసో!"

అది కోపమా, అనుమతా అన్నట్టు రామలింగం నా వైపు చూశాడు. నాకూ తెలియలేదు. ఆయన లేవబోయి, కాళ్ల మీద బరువు చూసి, మళ్లీ కూర్చున్నాడు.